ఇంకో నాలుగు కిలోలు

అక్కకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తమ్ముడి కిడ్నీ సరిపోతుందని పరీక్షల్లో తేలింది గానీ, తమ్ముడి బరువు నూట పద్నాలుగు కిలోలు. బేకరీలో ఇరవై ఏళ్లుగా పిండి పిసుకుతూ, వాయికో బన్ను రుచి చూస్తూ పెంచిన ఒళ్లది.

"తొంభైకి దిగితేనే ఆపరేషన్. ఈ బరువుతో కోస్తే మీ ప్రాణానికే ముప్పు," అని డాక్టరమ్మ తేల్చి చెప్పి, వారానికో ఇంజెక్షన్ రాసిచ్చింది. "మనం తిన్నాక పేగుల్లో ఒక హార్మోన్ పుట్టి, ఇక చాలని మెదడుకి కబురు పెడుతుంది. ఈ మందుదీ అదే పని. కాకపోతే ఇది వారమంతా కబురు పెడుతూనే ఉంటుంది."

అక్క మంచం మీంచే నవ్వింది. "నా కిడ్నీ నీ పొట్టలో ఎక్కడో కూరుకుపోయిందిరా బండోడా. తొందరగా తవ్వి తియ్యి."

మొదటి నెలంతా వాంతులు. తర్వాత అవీ పోయాయి, ఆకలీ పోయింది. బన్నుల వాసన ముక్కుకి తగిలేది గానీ లోపలికి దిగేది కాదు. భార్య గుర్తు చేస్తే నాలుగు ముద్దలు మింగేవాడు. బెల్టుకి కొత్త బెజ్జాలు పడ్డాయి. ఎవరైనా మెచ్చుకుంటే తలూపి ఊరుకునేవాడు.

ఏడో నెలలో తొంభై నాలుగుకి దిగాడు. ఆ వారమే డయాలసిస్ జరుగుతుండగా అక్క గుండె ఆగిపోయింది.

బావ ఫోన్ చేసేసరికి అతను ట్రేలకి నూనె రాస్తున్నాడు. మిగిలిన రెండింటికీ రాసేసి, చేతులు కడుక్కుని వెళ్లాడు. అందరూ ఏడుస్తున్నారు. అతనికి కన్ను చెమర్చలేదు.

"ఇంకో నాలుగు కిలోలే బావా," అన్నాడు.

"వదిలెయ్యరా," అన్నాడు బావ, భుజం మీద చెయ్యి వేసి.

మందు ఆపొద్దని, ఇకపై అది అతని ఆరోగ్యానికేనని డాక్టరమ్మ చెప్పింది. అలాగేనని వచ్చి, ఫ్రిజ్‌లో ఉన్న ఇంజెక్షన్ల జోలికి మళ్లీ పోలేదు.

ఆరు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం, పనిలో ఉండగా కడుపు నకనకలాడింది. అది ఆకలని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. సిగ్గేసింది. గోడ వైపు తిరిగి ఒక బన్ను తిన్నాడు, మరొకటి తిన్నాడు. రుచి తెలుస్తోంది. ఇప్పుడైనా ఏడుపొస్తుందేమోనని నిలబడి చూశాడు. రాలేదు.

భార్యకి ఫోన్ చేశాడు. "రాత్రికి నాకూ వండు."

ఆమె అడిగింది, "ఏం వండమంటారు?"

"ఏదో ఒకటి. కాస్త ఎక్కువే పెట్టు. బావని కూడా రమ్మంటాను."