కొబ్బరినూనె పెట్టిన కుక్క

ఆటోవాళ్ళెవరూ ఎక్కించుకోలేదు. ఒకడు ఆపినట్టే ఆపి, కుక్క సిల్కీని ఎగాదిగా చూసి, "గుర్రప్పిల్లను ఆటోల ఎట్ల కూసోబెడతవమ్మా?" అని నవ్వుకుంటూ పోయాడు. చంకలో రెండేళ్ళ హైందవి, చేతిలో కుక్క గొలుసు, నెత్తిన మే నెల ఎండ. సీతామహాలక్ష్మి అమీర్‌పేట నుంచి పంజాగుట్టలో పశువుల డాక్టరు దగ్గరికి నడిచే బయల్దేరింది. కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్ళు పని మానేసి కుక్కనే చూస్తున్నారు.

దాన్ని తెచ్చింది ఆమె భర్త సాయికిరణ్. ఇన్‌స్టిట్యూట్‌లో జావా చెబుతాడు. బెంగుళూరులో ఉద్యోగం వచ్చిన స్నేహితుడొకడు పోతూ పోతూ అంటగట్టిన కుక్క. అఫ్ఘన్ హౌండ్ అట. సన్నటి మూతి, నేల దాకా జారే బంగారు రంగు జుట్టు. రెండు గదుల వాటాలో అది పడుకుంటే కాలు పెట్టే చోటుండదు. "రోజూ గ్రూమింగ్ చెయ్యాలి, మర్చిపోకు," అన్నాడు సాయికిరణ్. తొమ్మిదో తరగతితో బడి మానేసిన సీతకు ఆ మాట అర్థం కాలేదు. అడిగితే, "అదే, దువ్వడం," అని క్లాసుకు పోయాడు.

దువ్వడం ఆమెకు తెలీని పనా? పుట్టువెంట్రుకలు ఇంకా తీయించని కూతురికి ఎలా దువ్వుతుందో దానికీ అలాగే దువ్వింది. ముందు కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి కుదుళ్ళకు పట్టించింది. రెండు రోజులు జుట్టు తళతళలాడింది. సాయికిరణ్ మురిసిపోతూ సాయంత్రాలు రోడ్డంతా తిప్పుకొచ్చాడు. ఆ రోడ్డు దుమ్మంతా నూనెకు పట్టుకుంది. కడుగుదామంటే నీళ్ళేవి? ట్యాంకర్ వచ్చిన రోజు ఒక బిందె ఎక్కువ పట్టినా, పై వాటా అరుణాదేవిగారు, "మనుషులకే దిక్కులేదు, కుక్కకు తలంటా?" అని మెట్ల మీద నుంచే దులిపేసేవారు. దువ్వెన పళ్ళు విరిగాయి. చెవుల వెనక, చంకల్లో జుట్టు ఉండలు కట్టింది.

నిన్న హైందవి ఆడుకుంటూ దాని చెవి పట్టి లాగింది. సిల్కీ గిరుక్కున తిరిగి పళ్ళు బయటపెట్టింది. పిల్ల చేతికి పన్ను తగిలింది, గాటు పడలేదంతే. అప్పటి నుంచి సీత పిల్లను చంక దించలేదు.

డాక్టరు జుట్టు పాయలు తీసి చూశాడు. "నూనె రాశారా?"

"అవునండీ. కొబ్బరినూనేనండీ, మంచిదే."

"మనకు మంచిదమ్మా. ఇది చూడండి, గొంగళిలా అట్టకట్టింది. కదిలినప్పుడల్లా చర్మం లాగుతుంది. ఆ నొప్పికి కరుస్తుంది మరి. కత్తిరించెయ్యడమే."

"ఆయన్ని అడుగుతానండీ," అని వచ్చేసింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన సాయికిరణ్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. "జుట్టు తీసేస్తే అదేం అఫ్ఘన్ హౌండే? ఊరకుక్కకీ దానికీ తేడా ఏంటి?"

"పిల్లని కరిస్తేనో?"

"పిల్లని దూరంగా ఉంచు."

"ఈ రెండు గదుల్లో దూరం ఎక్కడుందో చూపించండి, అక్కడే ఉంచుతాను."

"నూనె పెట్టమని నేను చెప్పానా? కామన్ సెన్స్ ఉండాలి."

"మీరేం చెప్పారని? అదేదో ఒక ముక్క అనేసి పోయారు. మిగతాది నాకు కలొస్తుందా?"

అతను చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. సీత చీరలకు ఫాల్ కుట్టేటప్పుడు వాడే కత్తెర తీసింది. పక్క వాటా అమీనాను కేకేసింది.

"దీన్ని కాస్త పట్టుకోవే అమీనా."

"నేను పట్టనక్కా! దాని నోరు తగిల్తే మల్ల నమాజుకు బట్టలన్ని మార్చుకోవాలె. గా పిల్లను నాకియ్యి." అమీనా హైందవిని ఎత్తుకుని గడప అవతల నిలబడింది. "సాయన్నకు చెప్పినవా?"

"చెప్పాను. వద్దన్నారు."

"అరే! మరి?"

"మరేముంది, కత్తిరిస్తున్నాను."

"మస్తు ధైర్యం నీది. జర పైలం అక్కా, కరుస్తది!"

పాత చీర పీలికతో దాని మూతి కట్టి, చెవి వెనక కత్తెర పెట్టింది. సిల్కీ గుర్రుమంది. "నోర్ముయ్యి. నాకేమైనా సరదానా?" అని గదమాయించింది. ఉండ ఊడొచ్చింది. కింద చర్మం ఎర్రగా, చెమ్మగా ఉంది. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. మొగుడి మీదో, కుక్క మీదో, తన మీదో తేల్చుకోలేక కత్తెర ఆడిస్తూ పోయింది. సగం అయ్యేసరికి కుక్క నిద్రపోయింది.

"యా అల్లా, గింతేనా కుక్క!" అమీనా పగలబడి నవ్వింది. "బొచ్చు పోతే మేక లెక్కున్నది!"

సాయంత్రం సాయికిరణ్ వచ్చి, చూసి, కుర్చీలో కూలబడ్డాడు. హైందవి సిల్కీ చెవి గుంజుతోంది. అది తల విదిలించి ఊరుకుంది.

"ఆదివారం మా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళొస్తారు. ఏం చూపించను వాళ్ళకి?"

"మీ కూతుర్ని చూపించండి."

షికారు వేళ దాటుతోంది, కుక్క గుమ్మం దగ్గర గునుస్తోంది.

"తిప్పుకురండి."

"దీన్నా? తెలిసినవాళ్ళు చూస్తే పరువు పోతుంది. కత్తిరించినదానివి నువ్వే తిప్పుకో."

దువ్వడం ఆమె పని, కడగడం ఆమె పని, ఇల్లంతా రాలిన జుట్టు ఏరడం ఆమె పని. అతని వంతుకున్న ఒక్క షికారూ ఇప్పుడు ఆమె నెత్తినే పడింది. పిల్లను అతని ఒళ్ళో కుదేసి, గొలుసు అందుకుంది.

ఒళ్ళు తేలికైన సిల్కీ సందు మలుపులోనే పరుగు లంకించుకుంది. సీత కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెనకాల పరుగు. "ఆగవే! నీ జిమ్మడ, ఆగు!"

"ఏం కుక్కమ్మా అది?" పాన్‌డబ్బా దగ్గర ఎవరో అడిగారు.

"కుక్కే! కనబడటంలా?" అంది సీత, ఆగకుండానే.