ప్రిబిల్ గారి బూడిద రంగు

ఆల్బిన్ జెహెట్నర్ దగ్గర నేను పంతొమ్మిదేళ్లు టైల్స్ పని చేశాను. వియన్నాలో ఆయన్ను ఎరగనివాళ్లు తక్కువ. బొమ్మలు వేసి వేసి, కాన్వాసు చాలడం లేదని ఇళ్లు కట్టడానికి దిగిన మనిషి. నారింజ రంగు కోటు తొడుక్కుని సైకిలు మీద మా కంటే ముందే పనికి వచ్చేవాడు.

ఒక ఏడాది కాలవ పక్కనున్న బూడిద రంగు పాత అపార్టుమెంట్ల మరమ్మతు ఆయనకు అప్పగించారు. ఎవరి కిటికీ చుట్టూ ఏ రంగు టైల్స్ ఉండాలో వాళ్లే చెప్పాలని ఆయన షరతు పెట్టాడు. ఒకరు నిమ్మపండు పసుపు అన్నారు, ఒకరు చెర్రీ ఎరుపు అన్నారు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే హెడ్విగ్ ప్రిబిల్ గారు మాత్రం బూడిద రంగు కావాలన్నారు.

ఆల్బిన్ మొహం మాడ్చుకున్నాడు. "అమ్మగారూ, ఆ రంగును పోగొట్టడానికేగా నన్ను పిలిచారు?"

"ఎవరిష్టం వాళ్లదన్నది తమరే కదా బాబూ."

"అసలు అదొక రంగేనా?"

ఆవిడ తలుపు బార్లా తీసింది. "బూట్లు విప్పి లోపలికి రండి," అంది.

నేనూ వెనకాలే వెళ్లాను. ఆవిడ నలభై ఏళ్లు కోట్లకు రఫ్ఫు చేసిందట. పురుగు కొట్టిన చోట దారం కలిపి నేస్తే చిల్లు ఎక్కడుండేదో యజమానికే తెలిసేది కాదట. బల్ల సొరుగు లాగి చూపించింది. నిండా దారపు ఉండలు, అన్నీ బూడిద రంగువే. ఒక పాత కోటు ఆయన చేతిలో పెట్టింది.

"దీనికి సరిపోయే దారం తీయండి చూద్దాం."

ఆల్బిన్ ఒకటి తీశాడు. వంటగదిలో కుదిరింది గానీ, కిటికీ దగ్గర నీలంగా తేలింది. ఇంకొకటి తీశాడు, అది ఆకుపచ్చకు తిరిగింది. మూడోది కూడా తప్పింది. నాకు నవ్వాగలేదు.

"నువ్వెందుకయ్యా నవ్వుతావు?" అని ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు తీయి." నేనూ తప్పాను.

ఆ కిటికీకి ఐదు వారాలు పట్టింది. పాత రాతి తొట్లు, పింగాణీ పళ్లేలు, పొగగొట్టాల పెంకులు, బూడిద చాయ ఉన్నది ఏది దొరికితే అది పగలగొట్టి తెచ్చాం. ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆ మూల ముక్క మరీ చల్లగా ఉంది, తీసేయండి," అనేది. ఆల్బిన్ మారుమాట లేకుండా తీసేవాడు.

పని అయ్యాక కింది అంతస్తులో ఉండే మాంసం కొట్టువాడి భార్య అడిగింది, "అదొక్కటీ మర్చిపోయారా మాస్టారూ?"

"లేదమ్మా, అన్నిటికంటే దానికే ఎక్కువ చెమటోడ్చాం."

తర్వాత ఆయన బొమ్మల్లోకి బూడిద రంగు వచ్చింది. ముసలివాడైపోయాడని పత్రికలవాళ్లు రాశారు. ఆయన పట్టించుకోలేదు. ప్రతి గురువారం ఆవిడ ఇంట్లో ప్లమ్ పండ్ల కుడుములు తిని, ఆ వారం వేసినవి చూపించి వచ్చేవాడు.

మరుసటి ఏడాది ఆయన బొమ్మల ప్రదర్శనకు ఆవిడ టోపీ పెట్టుకుని వచ్చింది. పెద్ద బొమ్మ ముందు కుర్చీ వేయించుకుని చాలాసేపు కూర్చుంది. పక్కన ఆల్బిన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు, వెనక నేను.

"కింద ఎడమవైపు కుదిరింది," అంది చివరికి.

"మిగతాది?"

"మిగతాది వచ్చే ఏడాది చూద్దాం. ఆకలేస్తోంది, పదండి."

ముగ్గురం ఎదురుగా ఉన్న కాఫీ హోటలుకు నడిచాం. దారి పొడవునా ఆల్బిన్ ఈల వేస్తూనే ఉన్నాడు.