నీళ్ల గ్లాసు కదలని పరుపు

రబ్బరు చెట్ల పాలతో బతికేవాడు పరుపు కొనడానికి వెళ్లి, రబ్బరు వద్దు, స్ప్రింగులు కావాలని పట్టుపట్టాడంటే మా మీనచ్చిల్ ఏటి ఒడ్డున ఎవరైనా నవ్వుతారు. నేను అలాగే పట్టుపట్టాను. మా అక్క పెణ్ణమ్మ ఇప్పటికీ దాన్ని తలుచుకుని నన్ను ఆటపట్టిస్తుంది. ఎందుకు పట్టుపట్టానో ఆ రోజు ఆమెకు చెప్పలేకపోయాను. పక్కనే నా భార్య ఏలి కూర్చుని ఉంది.

ఏలికి వణుకు జబ్బు. మొదట కుడిచేతి బొటనవేలు వణికింది. సాయంత్రం ప్రార్థనలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఆమె జపమాల పూసలు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేస్తుంటే, ఏదో ఆలోచనలో ఉండి కదిలిస్తోంది అనుకున్నాను. తర్వాత చెయ్యి, ఆ తర్వాత కాలు. గొంతు తగ్గిపోయింది. చెవి ఆమె నోటి దగ్గర పెడితే తప్ప మాట వినబడదు. నవ్వినా ముఖం కదలదు. అది నవ్వో కాదో కళ్లు చూసి నేను చెబుతాను, మిగతావాళ్లు నమ్ముతారు.

ఆ జబ్బులో ఒక విచిత్రం ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ వణుకు ఆగదు. నిద్ర పట్టగానే ఆగిపోతుంది. మా పాత పనసచెక్క మంచం, దానిమీద కొబ్బరి పీచు పరుపు. ఏలి చెయ్యి వణికితే మంచం అంతా సన్నగా కిర్రుమనేది. ఆ వణుకు నా వీపుకు తెలిసేది. అది ఆగిందంటే ఏలి నిద్రపోయిందన్నమాట. అప్పుడు నేను శిలువ గుర్తు వేసుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. అంతవరకు నాకు నిద్ర పట్టేది కాదు. పట్టకూడదని కూడా అనుకునేవాణ్ణి. మాట్లాడలేని మనిషి చీకట్లో ఒక్కతే మేలుకుని ఉంటే, పక్కనున్నవాడు గురకపెట్టడం ఏం న్యాయం?

ఇది ఆమెకు తెలియదనుకున్నాను.

రబ్బరు గీసేవాడికి ఎండెక్కేదాకా నిద్రపోవడం కుదరదు. చల్లదనం ఉన్నప్పుడే పాలు బాగా కారతాయి. అందుకని తెల్లవారకముందే నుదుటికి లైటు కట్టుకుని తోటలోకి దిగాలి. బెరడు మీద సన్నటి పొర మాత్రమే లేవాలి. కత్తి లోపలి కట్టెకు తగిలిందంటే చెట్టుకు గాయం. అక్కడ బెరడు మళ్లీ సాఫుగా పెరగదు, బొడిపెలు కడుతుంది, ఇక ఆ చోట గీయడానికి ఉండదు. నిద్రలేని కళ్లతో నేను చాలా చెట్లకు అలాంటి గాయాలు చేశాను. ఒకనాడు పెణ్ణమ్మ కర్రపెండలం ఉడికించి, తోట దారిన మా ఇంటికి తెచ్చింది.

"ఒరేయ్ అవిరా, కింది గట్టు చెట్లని ఏం చేశావురా? ఎలుగుబంటి గీకినట్టుంది. నాన్న పెట్టిన చెట్లురా అవి. నిద్రపోతూ గీస్తున్నావా?"

వంటింటి గడప దగ్గర కుర్చీలో ఏలి ఉంది. కత్తికి పదును పోయిందని ఏదో చెప్పాను. ఏలి నావైపు చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత కొన్నాళ్లకు ఆమె తుంటి దగ్గర చర్మం లేచిపోవడం మొదలైంది. తనంతట తాను ఒత్తిగిలలేకపోతోంది. పీచు పరుపు తీసేసి మంచిది వెయ్యమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకే ఆ రోజు పాలా పట్టణంలో లూక్కా పరుపుల కొట్టుకు వెళ్లాం. అతని తమ్ముడికి మా ఊళ్లోనే సంబంధం చేశారు. ఆ చనువుతో అతను మమ్మల్ని కూర్చోబెట్టి, నిమ్మరసం తెప్పించి, మెల్లగా విషయంలోకి వచ్చాడు. ఆమె ఒంటికి పనికొచ్చేవి రెండే ఉన్నాయన్నాడు. ఒకటి పైనుంచి అడుగు వరకు అచ్చంగా రబ్బరు పాలతో చేసింది. రెండోది లోపల స్ప్రింగులు పెట్టి, పైన జానెడుకు తక్కువగా రబ్బరు పొర వేసింది. ఒళ్లు ఒరుసుకోకుండా ఉండడానికి రెండూ మంచివేనట.

"ఇందులో అడగడానికేముంది?" అంది పెణ్ణమ్మ. "వీడి ఒంట్లో పారేదే రబ్బరు పాలు."

నేను ఒక్కొక్కదాని మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూశాను. అచ్చం రబ్బరుది నా చేతిని లోపలికి తీసుకుని ఊరుకుంది. అరచేతికి పక్కన పరుపు కదలనే లేదు. స్ప్రింగులదాన్ని నొక్కితే అవతలి అంచు వరకు చిన్న అల వెళ్లింది. నాకు కావలసింది ఆ అల.

"స్ప్రింగులది తీసుకుందాం" అన్నాను.

"జీవితమంతా రబ్బరు తిని, పడుకోవడానికి ఇనుము కావాలా నీకు? నాన్న సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

అచ్చం రబ్బరుది బరువు, ఎండలో వెయ్యాలంటే ఎవరు మోస్తారన్నాను. దాన్ని ఎండలో వెయ్యకూడదు, వేస్తే పాడవుతుంది, ఆ మాత్రం నీకు తెలియదా చేట్టా అని, అన్నను పిలిచినట్టు పిలిచి లూక్కా నవ్వాడు. వేడి చేస్తుందన్నాను. లోపల నిలువుగా రంధ్రాలున్నాయి, గాలి ఆడుతుందన్నాడు. నాకు ఇక సాకులు దొరకలేదు. అసలు సంగతి ఏలి ముందు చెప్పలేను. నువ్వు నిద్రపోయే వరకు నేను కాపలా కాస్తున్నాను అని చెబితే, తన వల్ల నా నిద్ర పోతోందని కుమిలిపోతుంది.

అప్పుడు లూక్కా కొట్టువాళ్లందరూ చేసే పని ఒకటి చేశాడు. గాజు గ్లాసు నిండా నీళ్లు పోసి స్ప్రింగుల పరుపు మీద ఒక పక్కన, చిన్న పలక వేసి నిలబెట్టాడు. ఏలి చేచ్చీని అటు పక్కన పడుకోబెట్టండి, తర్వాత అటునుంచి నొక్కి చూపిస్తాను, తేడా మీకే తెలుస్తుంది అన్నాడు. నేనూ పెణ్ణమ్మా పట్టుకుని ఏలిని పడుకోబెట్టాం.

లూక్కా నొక్కాల్సిన అవసరం రాలేదు. గ్లాసులో నీళ్లు వాటంతటవే వణకసాగాయి. మధ్యలోంచి అంచుకు సన్నటి వలయాలు, ఒకదాని వెనక ఒకటి, ఆగకుండా. పెణ్ణమ్మ ఏలి చీర కుచ్చిళ్లు సర్దుతున్నట్టు వంగింది. ఏలి తల పక్కకు తిప్పి ఆ నీళ్లనే చూస్తోంది. తన జబ్బును అద్దంలో చూసుకున్నా అంత స్పష్టంగా కనబడి ఉండదు.

అచ్చం రబ్బరు పరుపు వైపు చేత్తో సైగ చేసింది. అక్కడికి మార్చాం. లూక్కా ఇష్టం లేకుండానే గ్లాసు పెట్టాడు. నీళ్లు కదలలేదు. ఆమె చెయ్యి అంతకుముందులాగే వణుకుతోంది, నీళ్లు మాత్రం బావిలో నీళ్లలా ఉన్నాయి.

"అచ్చాయా" అంది. ఆమె నన్ను ఎప్పుడూ పిలిచే పిలుపు అది. నేను వంగి చెవి పెట్టాను. "ఇదే."

"ఇంకోసారి ఆలోచిద్దాం, ఏలీ."

"వద్దు. నా వణుకు నా దగ్గరే ఉండనివ్వండి."

అచ్చం రబ్బరుదే కొన్నాం.

పరుపును నలుగురు మోసుకొచ్చారు. వెడల్పాటిది, పాత మంచం సరిపోక కొత్తది చేయించాం. ఆనుకోవడానికి తనకూ నాకూ మధ్య పొడుగు దిండు పెట్టమంది ఏలి. పెట్టాను. ఆ రాత్రి ఆమె వణుకు కోసం వీపుతో వెతికాను. ఏమీ లేదు. చీకట్లో దిండు మీదుగా తొంగి చూస్తే ముఖం ఒక్కటే కనబడింది. కళ్లు మూసుకుని ఉంది, ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. పడుకోగానే నిద్ర పట్టిందన్నమాట, మెత్తటి పరుపు ఎంత పని చేసింది అనుకున్నాను. నాకూ నిద్ర ముంచుకొచ్చింది. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే.

చెట్ల మీద నా కత్తి గీత బాగుపడింది. పెణ్ణమ్మ గట్లన్నీ తిరిగి చూసి, నాన్న చెట్లు బతికాయంది. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక నేను మేరీమాత పీఠం దగ్గర పెద్ద కొవ్వొత్తి వెలిగించాను. మా అమ్మాయి క్లారా మైసూరు దగ్గర కన్యాస్త్రీల మఠంలో ఉంటుంది. ఫోన్ చేసినప్పుడు, మీ అమ్మ ఇప్పుడు హాయిగా నిద్రపోతోందమ్మా, మీ మఠంలో అందరినీ కృతజ్ఞత చెప్పుకోమను అన్నాను. వాళ్లు చెప్పుకున్నారు కూడా.

తర్వాత వానలు ముదిరాయి. చెట్లకు ప్లాస్టిక్ గొడుగులు కట్టినా కుండపోతలో గీయలేం. ఒకనాడు అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది గానీ పెంకుల మీద వాన హోరు విని లేవలేదు. అలాగే పడుకుని, కిటికీలో మసక వెలుతురు వచ్చేదాకా పెంకుల చప్పుడు వింటూ ఉన్నాను. దిండు కొంచెం కిందికి జారింది. దాని మీదుగా ఏలి కనబడుతోంది. కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా తీస్తూ ఉంది. దుప్పటి మీద చెయ్యి వణుకుతోంది.

నిద్రలో ఉన్న చెయ్యి వణకదు.

"ఏలీ" అన్నాను.

కళ్లు తెరిచింది. దొరికిపోయిన చిన్నపిల్లలా చూసింది.

"ఎప్పుడు మెలకువ వచ్చింది?"

దిండు తీసేసి దగ్గరికి జరిగాను.

"నిద్రపోతేగా, మెలకువ రావడానికి" అంది.

"రాత్రంతానా?"

"మీరు తోటలోకి వెళ్లాక కొంచెం పడుతుంది."

"రోజూనా?"

రెప్పలు వాల్చింది. ఆమె అవునని చెప్పే తీరు ఇప్పుడు అదే.

ఇన్నాళ్లూ నేను వెలిగించిన కొవ్వొత్తి, మఠంలో వాళ్లు చెప్పిన స్తోత్రాలు, దేవుడు ఏ లెక్కన తీసుకున్నాడో నాకు తెలియదు. ఆయన చూస్తూనే ఉన్నాడు కదా. ఒక్కసారి నన్ను తట్టి ఉంటే ఏమయ్యేది అని అడగాలనిపించింది. అడగడం తప్పో కాదో కూడా తెలియలేదు.

లూక్కాతో మాట్లాడి స్ప్రింగులది తెచ్చేస్తానన్నాను. ఏలి చెయ్యి నా చొక్కా పట్టుకోబోయి, పట్టు చిక్కక జారింది.

"వద్దు అచ్చాయా. కాఫీ పెట్టివ్వలేను. రబ్బరు షీట్లు ఒత్తలేను. నా జుట్టు కూడా మీరే దువ్వుతున్నారు. నా కోసం మేలుకోకుండా మీరు నిద్రపోవాలని, మీకని నేను చేస్తున్నది ఇదొక్కటి. దీన్ని తీసెయ్యకండి."

కాసేపు ఆయాసం తీర్చుకుని మళ్లీ అంది. "చీకట్లో ఏం చేస్తుంటానని భయపడకండి. పూసలు పట్టుకోలేను కదా. మీ గురకలు లెక్కపెట్టుకుంటూ జపమాల చెబుతాను. మీరు మధ్యలో ఆపితేనే చిక్కు."

ఆమె కళ్లు నవ్వాయి. నాకు నవ్వు రాలేదు.

పరుపు మార్చలేదు. ఆ రాత్రి మాత్రం మధ్యన దిండు పెట్టనివ్వలేదు. ఆమె చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. అది ఆగేదాకా నేను కళ్లు మూయనని ఆమెకూ చెప్పాను, దేవుడికీ చెప్పాను. చిన్నప్పుడు శ్రమల వారంలో గెత్సేమనే తోట సంగతి విన్నప్పుడల్లా, ప్రభువు అంత వేదనలో ఉంటే ఒక్క గంట మేలుకోలేక నిద్రపోయిన ఆ శిష్యుల మీద నాకు కోపం వచ్చేది. వాళ్లూ పగలంతా కష్టపడినవాళ్లేనని ఎవరూ చెప్పలేదు. ఆ చేతిని పట్టుకుని నేను చాలాసేపు మేలుకున్నాననే అనుకుంటున్నాను.

మెలకువ వచ్చేసరికి నా చెయ్యి ఖాళీగా ఉంది. పిడికిట్లోంచి తన వేళ్లను ఒక్కొక్కటే ఎలా తీసుకుందో. తల ఇటు తిప్పి, కళ్లు తెరుచుకుని, నన్నే చూస్తోంది.

"బాగా పట్టిందా?" అంది.

పట్టింది. అబద్ధం చెప్పలేకపోయాను.

ఇప్పటికీ ప్రతి రాత్రీ ఆ చెయ్యి పట్టుకునే పడుకుంటాను. ప్రతి రాత్రీ నిద్రపోతాను. ప్రభువు ఆ శిష్యులను వచ్చి లేపాడు. ఏలి నన్ను లేపదు.