వెనక్కి చూడకుండా ఐదు నిమిషాలు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: తాను చూపు తిప్పిన క్షణంలో పాపకు మళ్ళీ మూర్ఛ వస్తుందని. కిందటేడు జ్వరంలో ఒకసారి వచ్చింది. పొయ్యి కట్టేయడానికి వంటగదిలోకి వెళ్ళి వచ్చేలోపు పాప కళ్ళు తేలేసి కొయ్యలా బిగుసుకుపోయింది. చిన్నపిల్లలకు జ్వరంతో ఇలా వస్తుంటుందని, పెద్దయితే పోతుందని డాక్టరు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు ఆయనకే ఉండనీ. ఆ రోజు నుంచి ఆమె కళ్ళల్లో వత్తులు వేసుకుని పాపనే చూస్తూ బతుకుతోంది.

అలాంటి మనిషి రిమోట్ కార్ల పందేలకు తిరిగి వచ్చిందంటే అది అత్తగారి చలవే. కోడలి తండ్రిది ఆ కార్లు బాగుచేసే కొట్టు. పదో తరగతి మధ్యలో చదువు ఆపేసి ఆ కొట్లో కూర్చున్న పిల్ల, మూరెడు పొడవు రిమోట్ కార్లను మోటారుసైకిళ్ళంత వేగంతో తోలడం నేర్చేసుకుంది. పెళ్ళయ్యాక అన్నీ అటకెక్కాయి. మొన్న ఏదో వెతుకుతూ అత్తగారు ఆ పెట్టె దించింది.

“ఈ కప్పులన్నీ నీవా? మీ నాన్న కొట్లో అమ్ముడుపోనివేమో అనుకున్నా.”

“నావే అత్తయ్యా.”

“మరి బూజులో ఎందుకున్నాయి? పాప వంక అలా గుడ్లప్పగించి కూర్చుంటే రేపు దానికీ భయం పట్టుకుంటుంది. వెళ్ళి ఆడుకో. నేను చూసుకుంటా.”

“మధ్యలో మూర్ఛ వస్తే?”

“నువ్వు చూస్తే ఆగుతుందా? నీ కళ్ళేమన్నా మందుబిళ్ళలా?”

ట్రాక్ దగ్గర మొదట పలకరించింది బొంగరం. అతని కారు ప్రతి పందెంలోనూ ఎక్కడో ఒకచోట గిరగిరా తిరిగి తీరుతుంది, అందుకే ఆ పేరు.

“ఎక్కడికి పోయావమ్మా చెల్లెమ్మా? నువ్వు లేక నేను రెండుసార్లు గెలిచేశాను. పరువు పోయింది!”

ఈ కొన్నేళ్ళలో చాలా మారింది. బ్యాటరీలు సగానికి చిక్కిపోయాయి. కార్ల పైతొడుగులు కాగితంలా పలచబడ్డాయి. టైర్లను రిమ్ములకు అతికించుకునే పనే లేదు, అతికించే వస్తున్నాయి. వాటన్నిటికీ ఆమె గంటలో అలవాటుపడింది. అలవాటు కానిది మెడ. తోలేవాళ్ళంతా ఎత్తైన చెక్క వేదిక మీద ట్రాక్ వైపు తిరిగి నిలబడాలి, ఇంటివాళ్ళు కూర్చునే టెంట్లన్నీ వీపు వెనక ఉంటాయి. అత్తగారూ పాపా అక్కడే ఉన్నారు. ప్రాక్టీసులో రెండో మలుపు వచ్చేసరికి ఆమె తల దానంతటదే పాప వైపు తిరిగేది, కారు వెళ్ళి గట్టుకు కొట్టుకునేది.

“అన్నయ్యా, నా వెనక నిలబడు. తల తిప్పితే తిట్టు.”

బొంగరం నిలబడ్డాడు. అర్హత పందెం ఐదు నిమిషాలూ “మెడ! మెడ!” అని అరుస్తూనే ఉన్నాడు. పక్కవాళ్ళు కూడా ఉలిక్కిపడి మెడలు సర్దుకున్నారు. ఆమెకు మూడో స్థానం వచ్చింది. అంటే ఫైనల్లో ఉన్నట్టే.

ఇక్కడ ఒక రివాజు ఉంది. తన పందెం అయినవాళ్ళు నారింజరంగు చొక్కా తొడుక్కుని తర్వాతి పందెంలో మలుపు దగ్గర నిలబడాలి. బోల్తాపడ్డ కార్లను తిరగేసి పెట్టాలి. ఎగ్గొడితే వచ్చిన స్థానం పోతుంది. ఆమెకు దొరికిన మలుపు నుంచి తమ నీలం టెంటు తిన్నగా కనబడుతోంది. ఇంకేం కావాలి! కార్ల మధ్య సందు దొరికినప్పుడల్లా అటు చూసింది. పాప చాప మీద పాత టైరును దొర్లిస్తోంది. మళ్ళీ చూసింది. పాప నవ్వుతోంది. ఇన్నాళ్ళకు ఆమె గుండె కాస్త కుదుటపడింది.

పందెం ముగిశాక టెంట్లోకి వచ్చేసరికి పాప నాన్నమ్మ చెంప తడుతోంది.

“నాన్నమ్మ బజ్జుంది.”

అత్తగారి రవిక చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి గానీ పిలిస్తే ఏదో సంబంధం లేని మాట గొణిగింది. కోడలు కేకపెట్టింది. అది విని బొంగరం పందేల దగ్గర డ్యూటీలో ఉన్న నర్సును లాక్కొచ్చాడు. నర్సు వేలు గుచ్చి చూసి, షుగర్ బాగా పడిపోయిందంటూ పళ్ళరసం గుక్కగుక్కగా తాగించింది. కాసేపటికి పెద్దావిడ ముఖంలోకి రంగు వచ్చింది. నోట్లోకి మాట కూడా.

“పొద్దున షుగర్ బిళ్ళ వేసుకున్నా. తిందామంటే నీ కూతురు టిఫిన్ డబ్బా బోర్లించింది.”

“నాకెందుకు చెప్పలేదు అత్తయ్యా?”

“చెప్తే కారు అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చేదానివి.”

ఆ మలుపు నుంచి ఎన్నిసార్లు చూసింది! ఒక్కసారైనా చూపు పాప పక్కకు జరగలేదు. ఆమె సామాను పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.

“ఏం చేస్తున్నావ్?”

“ఇంటికి పోదాం.”

“పోదాంలే. రేపటి నుంచి నన్నూ అలాగే గుడ్లప్పగించి చూద్దువుగాని. ఒక జైలుకు ఖైదీ ఒక్కత్తి చాలదా? రసం తాగాను, బాగానే ఉన్నాను. బ్యాటరీ ఎక్కించుకో.”

నర్సు మళ్ళీ వేలు గుచ్చి చూసి పరవాలేదంది. ఇంకో అరగంట మాత్రం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలంటూ ఉండగానే, వేలు తెగిందని పక్క టెంటువాళ్ళు ఆమెను పిలుచుకుపోయారు. బొంగరమూ ఫైనల్లో ఉన్నాడు. మైకులో పేర్లు పిలుస్తున్నారు. అత్తగారు చేత్తో ‘పో పో’ అని తోలింది.

ఇప్పుడు ఆమె వేదిక మీద ఉంది. రిమోటు బిగించి పట్టుకుంది. కార్లు కదిలాయి. కన్ను రెప్ప వేస్తే చాలు, మూడో స్థానం కాస్తా చివరి స్థానమవుతుంది. ఆమె తల తిప్పడానికి లేదు.

చదువుతున్న మీకు ఏ కారూ తోలే పని లేదు కదా. వెనక వరసలో నీలం టెంటు. పాప బాగానే ఉంది, నవ్వు ఇక్కడికి వినిపిస్తోంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ ముఖం ఒక్కసారి చూడండి. ఊరికే చూసి రాకండి, పలకరించండి. జవాబు తిన్నగా చెప్తోందో లేదో చూసి రండి.