కిష్టవ్వ వంతు

లడాయి నడుస్తున్న రోజులు. నూలుకు కంట్రోలు వచ్చి సిద్దిపేటల సాలోళ్ల మగ్గాలు సగం ఉత్తగనే పడున్నయి. అది చాలదన్నట్టు ఆ ఏడు ఎండకాలం పోతూ పోతూ వాంతులు విరేచనాల గత్తరను తెచ్చి, పేట చివరన ఉన్న వాగొడ్డు వాడల విడిచిపెట్టి పోయింది. పొద్దుగాల మంచిగున్న మనిషి మాపటికి లేకుంట పోతుండు. చూస్తుండంగనే వాడంతా ఒక మాట మీదికొచ్చింది. తలుపులకు గొళ్లాలు పెట్టి, పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరూ వాగు అవతలి మామిడి తోటకు పోవాలె. గత్తర సల్లవడ్డంక వాపసు రావాలె.

కిష్టవ్వ కూడ బయలెల్లింది. నలభై దాటిన మనిషి. పిల్లలు లేరు. పెనిమిటి పోయి చాన్నాళ్లయింది, ఇంట్ల మగ్గం కూడ ఆయనతోనే పోయింది. వాళ్లకు వీళ్లకు నూలు కండెలు చుట్టిపెట్టుకుంట వాడ కొసకు ఒక చిన్న ఇంట్ల బతుకుతుంది. బొంత చంకల పెట్టుకొని, రాట్నం నెత్తిన పెట్టుకొని అందరి వెనకాల నడిచింది.

తోటల గుడిసెలు పడ్డంక సిద్ధయ్య పెద్దమనిషిగ నిలవడి పనులు పంచిండు. దవాఖాన కంపౌండర్ చెప్పిన మాటలు ఆయన మనసుల పెట్టుకున్నడు. మొగోళ్లు తాగే నీళ్లకు వాగు ఇసుకల కొత్త చెలిమె తవ్వి చుట్టూ ముండ్లకంప కట్టాలె. ఆడోళ్లు నీళ్లు మరిగించాలె, మరగని నీళ్లు ఎవ్వరి నోట్ల పడనియ్యద్దు. బయటికి పోయేటందుకు దూరంగ గుంత తవ్వి సున్నం చల్లాలె. ఎవరు పడ్డా పక్క గుడిసెవాళ్లు ఉప్పేసిన గంజి అందియ్యాలె.

"ఇంకొక పనున్నది," అన్నడు సిద్ధయ్య. "మగ్గాల మీద పడుగులున్నయి. గంజి పట్టిన నూలు. ఎలుకలు పడితే పోగు మిగలదు, మళ్ల నూలు మనకెవడిస్తడు? దినాం ఒక ఇంటివాళ్లు పట్టపగలు వాడకు పోయి, అందరి పడుగులు చూసి, వేపాకు పొగ వేసి రావాలె. వంతులు వేసుకుందాం."

"నా మగ్గం మీద పడుగు లేదు. నా ఇల్లు తియ్యనక్కర లేదు," అన్నడు మల్లేశం, తల ఎత్తకుండనే.

ఒక్కొక్క ఇంటి పేరు చెప్పుకుంట వంతులు కుదిరినయి. కిష్టవ్వ పేరు రాలేదు.

"నా వంతెప్పుడు పెద్దయ్యా?" అని అడిగింది.

"నీకు మగ్గమే లేదు గద బిడ్డా. నీకెందుకు వంతు?"

మంచి మనసుతోనే అన్నడు. అయినా ఆ మాట ఆమెకు ముల్లు లెక్క కుచ్చుకుంది. మగ్గం లేకుంటే వాడల మనిషిని గానా అనుకుంది.

మల్లేశం పక్కన ఇద్దరు చిన్న పిల్లలు కూసున్నరు. తల్లి లేదు. తోటకు వచ్చే ముందటి దినమే అతని భార్య పెంటవ్వకు గత్తర తగిలింది. పుట్టింటోళ్లు బండి కట్టుకొచ్చి రాయపోల్‌కు తీస్కపోయిన్రని మల్లేశం చెప్పిండు. ఆ దినం వాడలకు బండి వచ్చిన చప్పుడు ఎవరూ వినలేదు. ఎవరూ అడగలేదు. కిష్టవ్వ కూడ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తదో అని భయమయింది.

మొదటి వంతు ఇస్తారిది. అనుకున్నదానికంటె ముందుగల్లనే వాపసొచ్చిండు. వాగుల కూసోని చాలాసేపు కాళ్లు కడిగిండు. పడుగులు మంచిగనే ఉన్నయన్నడు, అంతే. మర్నాడు భూపతి పోయిండు. వాడ మొత్తంల నవ్వించే మనిషి అతను. వచ్చినంక ఎవ్వరితోటి మాట్లాడకుండ గుడిసెల దూరి బొంత కప్పుకున్నడు. ఒళ్లంత వణుకుతుంటే గత్తరేమో అని సిద్ధయ్య ఉరికొచ్చిండు. వాంతి లేదు, విరేచనం లేదు.

"గాడ ఎవరన్న ఉన్నరా?" అని అడిగిండు సిద్ధయ్య.

"ఎవ్వరు లేరు పెద్దయ్యా," అన్నడు భూపతి. "ఎవ్వరు లేరు. గదే."

ఆ తర్వాత వంతు వచ్చినోళ్లకల్లా ఏదో ఒకటి అడ్డం పడ్డది. ఒకరికి కాలు బెణికింది, ఇంకొకరి పిల్ల కండ్లు తెరుస్తలేదు. పోయి వచ్చిన ఇద్దరూ మాత్రం ఒకరి మొఖం ఒకరు చూసుకోకుండ తిరుగుతున్నరు. సిద్ధయ్య తనే కట్టె పట్టుకొని లేచిండు గని వాగు దిగేటప్పుడు మోకాళ్లు సాగలేదు.

"నేను పోత," అన్నది కిష్టవ్వ.

ఈసారి మగ్గం మాట ఎవ్వరూ ఎత్తలేదు.

వాగు దాటి ఆమె వాడల అడుగు పెట్టేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. మగ్గాల చప్పుడు లేని వాడను ఆమె ఎన్నడూ చూడలేదు. కుక్కలు కూడ మనుషుల వెంట తోటకే వచ్చినయి. కాకి లేదు. తన చేతి కడియాల చప్పుడు తనకే గట్టిగ వినవడుతుంటే చేత్తోటి పట్టుకొని నడిచింది.

మొదటి ఇల్లు ఇస్తారిది. గుమ్మం ముందట నిలవడి గొళ్లెం మీద చెయ్యి వేస్తే కాలికి తడి తగిలింది. కిందికి చూసింది.

వాకిట్ల సాన్పు చల్లి ఉన్నది. పెండ నీళ్లు పచ్చగ, ఇంకా ఆరకుండ మెరుస్తున్నయి. దాని మీద తెల్లటి ముగ్గు.

ఇస్తారి భార్య తోటల ఉన్నది. పొద్దుగాల ఆమెతోటే కలిసి నీళ్లు మరిగించి వచ్చింది కిష్టవ్వ.

పక్కింటి వాకిలి చూసింది. అక్కడ కూడ తడి, ముగ్గు. ఎదురింటి ముందట కూడ. వాడ పొడుగునా ఈ కొసనుంచి ఆ కొసకు వాకిళ్లన్ని తడిసి ఉన్నయి, ఇప్పుడే ఆడోళ్లు చల్లి లోపలికి పోయినట్టు. గొళ్లాలు మాత్రం బయటనుంచి పెట్టినయి పెట్టినట్టే ఉన్నయి.

బాయి దగ్గరికి పోయింది. చేదతాడు కట్టె లెక్క ఎండిపోయి ఉన్నది. బొక్కెన అడుగుల సాలెపురుగు గూడు కట్టుకుంది. పెండ కోసం కొట్టాల దిక్కు చూసింది. గొడ్లు పోయినప్పటినుంచి నేల ఊడ్చినట్టే ఉన్నది. మరి నీళ్లేడియి? పెండేడిది? పొద్దుగాల చల్లిన సాన్పు ఇంత ఎండల మట్టమధ్యాహ్నం దాక ఆరకుండ ఎట్లుంటది?

ఉరుకుదామనుకుంది. వచ్చిన పని చేస్త, పోత అని మనసుకు చెప్పుకుంది. ఇస్తారి ఇల్లు తీసింది. పడుగు మంచిగనే ఉన్నది. వేపాకు పొగ వేసింది. ఆ తర్వాతి ఇల్లు, ఆ తర్వాతిది. ఒక్కొక్క వాకిలి దాటేటప్పుడు ముగ్గు తొక్కకుండ చీరె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని పోయింది. అట్ల పోతపోతనే ఆమెకు ఒకటి తెలిసొచ్చింది. అన్ని ముగ్గులూ ఒక్క చేతివే. గీత ఎడమ దిక్కునుంచి తిరిగి పోతున్నది. వాడల ఎడమ చేత్తోటి ముగ్గు పెట్టేది ఒక్కతే ఉన్నది. కోడలై వచ్చిన కొత్తల అందరూ నవ్వేటోళ్లు, కొట్టినా ఆ చెయ్యి మార్చుకోలేదు.

"పెంటా," అన్నది కిష్టవ్వ.

వాడ కొసకు తన ఇల్లు కనవడ్డది. ఆ వాకిట్ల కూడ సాన్పు ఉన్నది. ముగ్గు కూడ ఉన్నది, అందరిండ్లకు పెట్టినంత పెద్దదే. పడుగు లేని ఇల్లు, మగ్గం లేని ఇల్లు, వంతుల లెక్కకు రాని ఇల్లు. చల్లినోళ్లు దాన్ని దాటిపోలేదు. దాన్ని చూసేసరికి కిష్టవ్వకు భయంల కూడ ఏడుపొచ్చింది.

వెనక్కి తిరిగింది. అన్నిటి నడుమ ఒక్క వాకిలి ఎండిపోయి, దుమ్ము పట్టి ఉన్నది. ముగ్గు లేదు. సావైన ఇంటి ముందట ముగ్గు పెట్టరు. అది మల్లేశం ఇల్లు.

ఆ తలుపు ముందట ఆమె ఎంతసేపు నిలవడ్డదో ఆమెకే తెల్వదు. ముందు పోయిన ఇద్దరూ ఈడిదాక వచ్చి ఉంటరు, ఈడ నిలవడి ఉంటరు, గొళ్లెం తియ్యకుండ మర్లిపోయి ఉంటరు అని తెలిసిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని గొళ్లెం తీసింది. తలుపు సగం దాక వచ్చి ఆగింది. లోపల దానికి అడ్డంగ ఏదో ఉన్నది.

సందులనుంచి ఎడమ చెయ్యి కనవడ్డది. గడప మీద పడి ఉన్నది. పెంటవ్వ మంచంల లేదు. మంచం దిగి, పాకుకుంట తలుపు దాక వచ్చింది. సచ్చిపోయి చాలా దినాలయింది. చేతుల మట్టి ఎండిపోయి ఉన్నదే గని, పెండ లేదు, ముగ్గుపిండి లేదు.

కిష్టవ్వ తలుపు మళ్ల దగ్గరికి వేసింది. గొళ్లెం మాత్రం పెట్టలేదు. అట్లనే తోటకు నడిచింది.

అందరూ చెలిమె దగ్గరున్నరు. ఆమె ఒక్కటి తప్ప ఏదీ దాచలేదు. తడి వాకిళ్ల సంగతి చెప్పింది, ముగ్గుల సంగతి చెప్పింది, మల్లేశం ఇంట్ల పెంటవ్వ సచ్చి ఉన్నదని చెప్పింది. గడప దాక పాకిన సంగతి మాత్రం మల్లేశం ముందట చెప్పలేదు. ఇస్తారి మొఖం పక్కకు తిప్పుకున్నడు. భూపతి కండ్లు మూసుకున్నడు.

"నువ్వు చూసినవు గద," అన్నది కిష్టవ్వ భూపతితోటి.

"చూసిన అక్కా. అన్ని వాకిళ్లు చూసిన. గా ఇంటికాడ లోపలినుంచి వాసనొచ్చింది. తలుపు తీస్తే ఏమున్నదో నాకు తెలుసు. గందుకే తియ్యలేదు."

అందరూ మల్లేశం దిక్కు తిరిగిన్రు. అతను పిల్లలిద్దరినీ ఒళ్లోకి గుంజుకున్నడు.

"ఆమెనే పొమ్మన్నది," అన్నడు. "పిల్లల్ని తీస్కొని పో, నన్ను ముట్టద్దు అన్నది. పొద్దుగూకేదాక కూడ ఉండది అనుకున్న. కుక్కలొస్తయని గొళ్లెం పెట్టిన. మోసేటందుకు ఎవర్నన్న పిలుద్దామంటే ఎవరొస్తరు? గత్తరతోటి పోయినోళ్లను అంతకుముందు ఎవరు మోసిన్రు?"

మొదటి దినాలల్ల పోయినోళ్లను ఇంటోళ్లే ఈడ్చుకుంట తీస్కపోయిన్రు. పక్కింటోళ్లు తలుపులు వేసుకున్నరు. అది అందరికీ ఎరుకే.

"ఎలుకలు కొట్టేటందుకు వంతులేసినం, మనిషిని మోసేటందుకు వెయ్యలేదు," అన్నది కిష్టవ్వ. "ఇప్పుడెయ్యి పెద్దయ్యా. మొదటి భుజం నాది."

"ఆడోళ్లు మొయ్యరు బిడ్డా."

"మొగోళ్లు లేస్తే నేనెందుకు మోస్త?"

ముందుగల్ల భూపతి లేచిండు. అతని వెంట ఇస్తారి లేచిండు. ఇంకొకడు పోయి వెదుర్లు కొట్టుకొచ్చిండు. ఆడోళ్లు సున్నం తట్ట, మరిగించిన నీళ్లు, పాత చాప తెచ్చి ముందట పెట్టిన్రు. సిద్ధయ్య మోకాళ్లు సాగకున్నా వాగు దాటిండు. ఇద్దరు పట్టుకొని దాటించిన్రు.

వాడలకు వచ్చిన్రు. తడి వాకిళ్ల పక్కనుంచి ఒకరి వెనక ఒకరు నడిచిన్రు. కిష్టవ్వ, సిద్ధయ్య లోపలికి పోయి పెంటవ్వను చాపల చుట్టిన్రు. ఆ తర్వాతనే మల్లేశాన్ని పిలిచిన్రు. అతను వచ్చి పాడెకు ముందు భుజం పెట్టిండు. వాడ అవతలి బీడుల గుంత తవ్వి, సున్నం పోసి పూడ్చిన్రు. మూటెడు మనిషి లేదు, తేలికగ ఉన్నదన్నరు మోసినోళ్లు.

వాపసు అదే తొవ్వల వచ్చిన్రు. వాడ మలుపు తిరగంగనే ముందట నడుస్తున్న ఇస్తారి ఆగిపోయిండు. వాకిళ్లన్ని ఎండిపోయి ఉన్నయి. ముగ్గు ఆనవాలు లేదు. ఎవ్వరి వాకిట్ల చూసినా దుమ్ము, ఎండుటాకులు. భూపతి బొటనవేలుతోటి మట్టి గీరిండు. లోపలిదాక పొడిగనే ఉన్నది. ఎన్ని దినాలనుంచో చుక్క నీళ్లు తగలని మట్టి.

సిద్ధయ్య తోటకు చేరేదాక కిష్టవ్వ చెయ్యి విడవలేదు.

వానలు పడ్డంక గత్తర సల్లవడ్డది. వాడ మళ్ల ఇండ్లకొచ్చింది. సిద్ధయ్య అందర్నీ కూసోబెట్టి కొత్త వంతులు వేసిండు. ఎవరింట్ల రోగమొచ్చినా అటిటు రెండిండ్లోళ్లు వాళ్లను చూసుకోవాలె. బాయిల మందేసే పని ఒకరిది, దవాఖానకు ఉరికే పని ఒకరిది. మోసే వంతు ప్రతి ఇంటికి ఉంటది. ఈసారి కిష్టవ్వ పేరు అందరికంటె ముందు చెప్పిండు. మల్లేశాన్ని వాడ వెలి వేస్తదేమో అని కొందరనుకున్నరు. ఆ మాట ఎత్తే మొఖం ఎవ్వరికీ లేకపోయింది. వాడల ఎవరు పోయినా వంతు ఉన్నా లేకున్నా అతనే ముందుగల్ల వచ్చి నిలవడుతుండె.

ఒక దినం ముసురు పట్టింది. కండెలకోసం మల్లేశం కిష్టవ్వ ఇంటికొచ్చిండు. ఆమె రాట్నం తిప్పుతుంటే గడప బయట సూరు కింద కూసున్నడు. కండెలు అయిపోయినా లేవలేదు.

"అక్కా," అన్నడు చాలాసేపటికి. "ముందుగల్ల నువ్వే చూసినవు గద. మంచంలనే ఉండెనా ఆమె?"

కిష్టవ్వ చేతుల పోగు తెగింది. తల వంచి ముడేసుకుంది.

"మంచంలనే ఉండె," అన్నది. "పండుకున్నట్టే ఉండె."

మల్లేశం తల ఊపిండు. కండెలు తువ్వాల్ల మూటగట్టుకొని వానలనే ఇంటికి పోయిండు.

కిష్టవ్వ రాట్నం మీద చెయ్యి వేసింది గని తిప్పలేదు. వానల మల్లేశం కనుమరుగయ్యేదాక, ఆ ముడి మళ్ల తెగకుండ వేలితోటి ఒత్తి పట్టుకొని కూసున్నది.