మా అత్తగారు వదిలేసిన వాక్యం

పిల్లలకి ప్రార్థన నేర్పడం కంటే చొక్కాకి కాలర్ కుట్టడం వెయ్యి రెట్లు నయం. కాలర్ వంకరపోతే విప్పి మళ్లీ కుట్టొచ్చు. పిల్లల నోట్లో వంకరగా పడిన మాటను విప్పడం ఎవరి తరం? వారమంతా టైలరింగ్ షాపులో మెషీన్ తొక్కి, ఆదివారం పొద్దున్నే సండే స్కూల్లో గొంతు చించుకునే నాకు ఆ సంగతి బాగా తెలుసు.

పిల్లల ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు మా చర్చిలో పాస్టరుగారు పక్కన కూర్చుంటారు. ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక పిల్లో పిల్లాడో ముందు నిలబడి ఒక్కో వాక్యం చెబితే, పెద్దలంతా కళ్లు మూసుకుని తిరిగి చెబుతారు. ఈసారి ఆ వంతు నా కూతురిది. పిట్ట అని పిలుస్తాం, నోరు మూతపడదు కాబట్టి. టీచరు కూతురు, దానికేం ఢోకా అని ధీమాగా ఉన్నాను. తీరా రిహార్సల్లో నిలబెడితే, క్షమించమనే వాక్యాన్ని ఎగరగొట్టి తర్వాతి దానిలోకి దూకేసింది.

"మధ్యలో ఒకటి మింగేశావేంటే?" అన్నాను.

"నేనేం మింగలేదు. నాయనమ్మ అది చెప్పదు."

మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు ఒళ్లు మండింది. నేను షాపులో ఉంటే పిట్ట ఆలనాపాలనా మా అత్తగారిదే. సాయంత్రం ఇద్దరూ మంచం మీద కూర్చుని ప్రార్థన చేస్తారు. ఇది ఒక వాక్యం చెప్పాలి, ఆవిడ తిరిగి చెప్పాలి, ఆవిడ పెదవి కదిలాకే తర్వాతిది. అదీ వాళ్ల పద్ధతి.

ఇంటికెళ్లగానే అడిగేశాను. అత్తగారు ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు.

"మాకు కీడు చేసినవాళ్లని మేం క్షమించాం, అలాగే మమ్మల్నీ క్షమించు. అంతేగా ఆ మాట?" అన్నారు తల ఎత్తకుండా. "నేను క్షమించలేదు. దేవుడి ముందు నిలబడి అబద్ధమాడమంటావా?"

ఎవరి గురించో అడగనక్కర్లేదు. మా మరిది గురించి. మామగారిని బండి మీద ఎక్కించుకుని, వానలో, మలుపు దగ్గర కూడా వేగం తగ్గించలేదు. ఆయన పోయారు, ఇతను మిగిలాడు. "నెమ్మదిగా పోరా అని నాన్న అంటూనే ఉన్నాడు, నేనే వినలేదు" అని ఆసుపత్రి వరండాలో తనే ఏడుస్తూ చెప్పాడు. వీళ్ల వంశంలో ఎవరికీ అబద్ధం నోరు తిరగదు. ఆ రోజు నుంచి ఆవిడ చిన్నకొడుకు మొహం చూడలేదు. మా ఆయన ఎంత బతిమాలినా మళ్లీ ఏ బండీ ఎక్కలేదు. ఎక్కడికైనా నడకే.

మరిది వేరే గది తీసుకున్నాడు. చర్చిలో చివరి బెంచీలో కూర్చుని, ఆశీర్వాదానికి ముందే లేచి వెళ్లిపోతాడు. షాపుకి వచ్చి, "అమ్మ నా గురించి ఏమైనా అందా వదినా?" అని అడుగుతాడు. లేదని చెప్పి మళ్లీ మెషీన్ తొక్కుతాను. కిందటిసారి వచ్చినప్పుడు, "వేరే ఊళ్లో పని దొరికింది. ఈ ఆదివారం దాటితే వెళ్లిపోతాను. ఆలోపు ఒక్కసారి పిలిస్తే చాలు" అన్నాడు.

"మరి పిట్ట సంగతేంటత్తయ్యా? పదిమందిలో పరువు పోతుంది" అన్నాను.

"దానికి ఎవరి మీదా పగ లేదుగా. నేర్పు, చెబుతుంది. నన్ను మాత్రం అనమనకు."

నేర్పాను. ఆదివారం పిట్ట ముందు నిలబడి గంట కొట్టినట్టు మొదలుపెట్టింది. ఆ వాక్యం దగ్గరికి వచ్చింది, తప్పు లేకుండా చెప్పింది. జనమంతా తిరిగి చెప్పారు. పిట్ట మాత్రం ముందుకు కదల్లేదు. ఏమైందా అని కన్ను తెరిచి చూస్తే, అది మొదటి వరుసలో నాయనమ్మ నోటివైపే చూస్తోంది. ఆ పెదవులు బిగుసుకుని ఉన్నాయి.

మళ్లీ అదే వాక్యం చెప్పింది. పిల్ల తడబడిందనుకుని జనం పాపం మళ్లీ పలికారు. కానివ్వమని నేను చెయ్యి ఊపాను. పిట్ట నన్ను లెక్కచేస్తేగా! మూడోసారి చెప్పింది. ఈసారి ఎవరూ పలకలేదు. పాస్టరుగారు దగ్గారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు అత్తగారు నోరు తెరిచారు. సగం వాక్యం చెప్పి ఆగిపోయారు. ఊపిరి తీసుకుని మిగతా సగం చెప్పారు. ఆ నిశ్శబ్దంలో అది చివరి బెంచీ దాకా వినబడింది. పిట్ట తల ఊపి తర్వాతి వాక్యం అందుకుంది.

ఆ రోజు మా మరిది ఆశీర్వాదం అయ్యేదాకా ఉన్నాడు. బయటికొచ్చేసరికి బండి పక్కన తల వంచుకుని నిలబడి ఉన్నాడు. అత్తగారు నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు. "నోటితో అనేశానే. మనసులోకి ఇంకా రాలేదు" అన్నారు నాతో. నన్ను వదిలేసి, ఒక్కరే కొడుకు దగ్గరికి నడిచారు.

"నాకు హెల్మెట్ ఉందా?"

వాడు తన తలకున్నది తీసి ఆవిడకి పెట్టాడు. ఆవిడ బండి ఎక్కి, వాడి చొక్కాని వెనకనుంచి గుప్పిట బిగించి పట్టుకున్నారు.

"నెమ్మదిగా పోనివ్వరా. నాకు భయంగా ఉంది."

"అలాగేనమ్మా."

పిట్టా నేనూ నడిచే వెళ్లాం. ఇంటికి ముందు చేరింది మేమే.