నల్లబడని నూనె

"పాత చీర ఉంటే చింపి ఇయ్యవే, డీజిలు వడకట్టాలి," అన్నాడు జగ్గయ్య మొదటిరోజు. ఆ తరవాత అడగడం కూడా మానేశాడు. దండెం మీద ఏది మెత్తగా చేతికి తగిలితే అది లాక్కుపోయేవాడు. పీపా అడుగున తుప్పూ నీళ్ళూ ఉంటాయనీ, వడకట్టకుండా పోస్తే ఇంజను పాడవుతుందనీ రాజమండ్రి నుంచి ట్రాక్టరుతోపాటు వచ్చిన మెకానిక్కు అమ్మిరాజు చెప్పి వెళ్ళాడు. వడకట్టే పని ఎవరిదో ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా అలాంటి పనులన్నీ ఆ ఇంట్లో ఎవరి నెత్తిన పడతాయో సూర్యావతికి కాపరానికొచ్చిన ఏడే తెలిసిపోయింది. తెల్లవారగట్ల లేచి, కళ్ళాపి జల్లి, పాలు పితికి, పొయ్యి అంటించాక, చీర నాలుగు మడతలు వేసి గరాటు మీద పరిచి, పీపాలోంచి చెంబుతో తోడి పోసేది. ఎన్ని కుంకుడుకాయలు అరగదీసినా చేతుల కంపు పోయేది కాదు. అయిదేళ్ళ బుజ్జమ్మ అమ్మ చేతి ముద్ద వద్దని మూతి తిప్పుకునేది. అత్త వీరాయమ్మ మనవరాలిని ఒళ్ళోకి లాక్కుని తనే తినిపిస్తూ, కన్నపిల్లకి ఓ ముద్ద పెట్టుకోలేనిది కూడా ఒక తల్లేనా అని, సరిగ్గా వంటింట్లోకి వినపడేంత మెల్లిగా అనేది. ఆ కంపు ఎవరి కొడుకు ట్రాక్టరుదో ఆవిడకి గుర్తు చేసేవాళ్ళు లేరు.

కోనసీమలో నగరం అనే ఆ ఊరి చుట్టుపక్కల అదే మొదటి ట్రాక్టరు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు, గోదావరి పాయలు పంటు మీద దాటించి తీసుకొచ్చారు. చక్రాలకి పసుపు రాసి, నిమ్మకాయలు తొక్కించి, జగ్గయ్య దాని మీదెక్కి ఊరంతా తిప్పాడు. ఆ సాయంత్రం అరుగు మీద కూచుని అమ్మిరాజు ఒక్కొక్క సంగతే చెబుతుంటే, జగ్గయ్య ఆయ్ ఆయ్ అని తలూపుతూనే వీధిలో ఎవరెవరు ఆగి తన బండిని చూస్తున్నారో లెక్కపెట్టుకుంటున్నాడు. కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డ సూర్యావతి మాత్రం విన్నది. గ్లాసులు తెమ్మని ఎవరో ఒకరు అనేదాకా నిలబడాలి గనక, వినడం తప్ప ఆమెకి వేరే పనేం ఉంది?

"డీజిలు ఇంజనుకి దాని నూనె దానిదేనండి," అన్నాడు అమ్మిరాజు. "కారు నూనె చూడ్డానికి ఇలాగే ఉంటాదండి గానీ, దీనికి పనికిరాదండి. ఈ నూనె పోసిన రెండు మూడు రోజులకే నల్లబడిపోద్దండి. కంగారు పడకండి. లోపలున్న మసంతా తను పట్టుకుంటాది గనకే ఆ నలుపు. నల్లబడకపోతేనే భయపడాలండి."

సూర్యావతికి అది వెంటనే బోధపడింది. అన్నం గిన్నె తోమినప్పుడు నీళ్ళు నల్లగా దిగితేనే మసి వదిలినట్టు. నీళ్ళు తేటగా ఉన్నాయంటే మసి ఇంకా గిన్నెకే అంటుకుని ఉన్నట్టు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గిన్నెలు తోముతున్న మనిషికి ఇందులో అర్థం కాకపోవడానికేముంది? గిన్నె తోమి ఎరగనివాడికే ఇది చదువు.

జగ్గయ్య తోమి ఎరగడు. రెండో పంట దాళ్వాకి బురద దున్నే దమ్ములు మొదలైన మూడోరోజున ఇంజనులో నూనె కొలిచే పుల్ల పైకి లాగి చూసి, మొహం మాడ్చుకున్నాడు. నూనె కాటుకలా ఉంది. కోనసీమలో పుట్టినవాడు నూనెని కంటితో బేరం చేస్తాడు. కొబ్బరినూనె గ్లాసులో పోసి వెలుగుకి పట్టి, అవతలి వేలు కనపడితేనే సరుకు మంచిదంటాడు. నల్లటి నూనె అంటే కల్తీది, లేదా మాడినది. రాజమండ్రివాళ్ళు తనని పల్లెటూరివాడని మోసం చేశారని జగ్గయ్య తేల్చేసుకున్నాడు. అంబాజీపేట వెళ్ళి కొబ్బరి వర్తకుడు మాణిక్యాలరావుతో చెప్పుకున్నాడు. ఆయనకి కారుంది గనక ఇంజన్ల సంగతి ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నా కారులో నూనె నెలల తరబడి తేనెలా ఉంటుంది, చూడమన్నాడాయన. చూశాడు. ఆ నూనే రెండు డబ్బాలు తీసుకుని, ఆయన్ని కూడా వెంటబెట్టుకుని ఆయన కార్లోనే వచ్చాడు.

ట్రాక్టరు అప్పుడే చేలోంచి వచ్చి పెరట్లో ఆగింది. వేడి మీదుండగానే పాత నూనె దింపాలని అమ్మిరాజు చెప్పిన ముక్క ఒక్కటీ జగ్గయ్య చెవికెక్కింది. శుభకార్యాలకి గారెలు వేసే పెద్ద బాండీ తెచ్చి ఇంజను కింద పెట్టాడు. నల్లటి నూనె పొగలు కక్కుతూ దిగుతోంది. పాలేర్లు చుట్టూ నిలబడి వింత చూస్తున్నారు. మాణిక్యాలరావుకి మజ్జిగ తెచ్చిన సూర్యావతి, కొత్త డబ్బా మూత తీస్తున్న మొగుణ్ణి చూసి, చెప్పాలా వద్దా అని గుమ్మం దగ్గర కాసేపు తటపటాయించింది. చెప్పకపోతే బండి పాడవుతుంది. బండి పాడైతే ఇంట్లో అందరికంటే ముందు తిట్లు తినేదీ దెబ్బలు తినేదీ తనే. ఆ లెక్కన చూసుకుంటే చెప్పడమే మేలనిపించింది.

"ఏవండీ, అది కారుదేమోనండి. డీజిలుది నల్లబడాలనే గదా ఆయన చెప్పేరు," అంది, ఎంత తగ్గించగలదో అంత గొంతు తగ్గించి.

మాణిక్యాలరావు నవ్వాడు. నవ్వి, "మీ ఇంట్లో ఇంజనీరున్నారని చెప్పేరు కాదేం జగ్గయ్య గారూ," అన్నాడు. ఆ నవ్వే చేసిందంతా. జగ్గయ్య వంగి, గుడ్డతో పట్టుకుని బాండీ పైకెత్తి, ఉన్న నూనె ఉన్నట్టుగా ఆమె మీదికి విసిరాడు.

ఎడమ చెంప కింద మొదలై మెడ, భుజం, రొమ్ము పైభాగం దాకా కాలింది. చీర ఒంటికి అతుక్కుపోయింది. ఆమె అరిచిన అరుపుకి పశువులు గుంజలు లాగాయి. మనుషులు మాత్రం కదల్లేదు. మాణిక్యాలరావు చేతి గడియారం చూసుకున్నాడు. పాలేర్లు కాళ్ళకేసి చూసుకున్నారు. వీరాయమ్మ బుజ్జమ్మని లోపలికి లాక్కుని తలుపు వేసేసింది. జగ్గయ్య బాండీ బోర్లించి, కొత్త డబ్బా ఎత్తి, బంగారంలా మెరిసే నూనెని ఇంజనులో పోయడం మొదలుపెట్టాడు. ఆ పని మధ్యలో ఆపలేదు.

కట్టు కట్టడానికొచ్చిన కాంపౌండరు ఎలా జరిగిందమ్మా అని అడిగాడు. మంచం పక్కన అత్త నిలబడి ఉంది. "నాకు తెలీదండి, కళ్ళు తిరిగేయి," అంది సూర్యావతి. ఆ మాట ఆమెకి కొత్త కాదు. పప్పులో ఉప్పెందుకు ఎక్కువైందంటే తెలీదు, పెదవి ఎందుకు చిట్లిందని పుట్టింటివాళ్ళడిగితే తెలీదు, రెండో కాన్పు ఆరో నెలలో ఎందుకు పోయిందని మంత్రసాని అడిగితే తెలీదు. కాళ్ళతో తన్నినవాడు ఇంట్లో పెద్దరికంగా తిరుగుతుంటే ఆమె తెలీదు తెలీదు అని చెప్పి వాడి పరువు కాపాడుతూ వచ్చింది. ఆడది ఏమీ తెలియనిదని లోకం అనుకోవడంలో వింతేముంది, లోకానికి ఆ మాట చెబుతూ వచ్చింది ఆడదే అయినప్పుడు.

పుండు మానేసరికి వేసంకాలం వచ్చింది. మానేలోపల జగ్గయ్యకి ఒక ఆట పట్టుబడింది. సాయంత్రం బండి ఆపగానే ఆమెని పేరు పెట్టి పిలిచి, నూనె పుల్ల లాగి మొహం ముందు పెట్టేవాడు. "చూడవే, తేనె. ఏమన్నావు ఆవేళ?" ఆమె ఆయ్ అనాలి. అనకపోతే ఆ పుల్లతోనే వీపు మీద ఒకటి. అందుకని ఆయ్ అనేది. అంటూ ఆ పసుపు రంగు కేసి చూసేది. మసంతా లోపలే ఉండిపోతోంది, పొరలు పొరలుగా గట్టి పడుతోంది, దానికి బయటికి రావడానికి దారి లేదు. తోటలో కొబ్బరాకులు చీరుకుంటూ కూచున్నా బండి చప్పుడు చెవిలో పడేది. ముందు ఎగశ్వాసలా, తరవాత కీచుగా, రోజురోజుకీ మారిపోతోంది. వెనకనుంచి పొగ నీలంగా వస్తోంది. ఆ తేడా పిల్లకి కూడా తెలుస్తోంది. జగ్గయ్యకి తెలియదు, వాడి చూపంతా పుల్ల మీదే. ఇప్పుడు చెబితే ఇంకా బాగుపడుతుందేమో అని ఒకటి రెండుసార్లు అనిపించింది. నోరు తెరవలేదు. తెరవనందుకు సంతోషం వేసింది. తనలో ఇంత పగ ఉందా అని మొదట భయపడింది గానీ, కొన్నాళ్ళకి ఆ భయం పోయి పగే మిగిలింది. ఎండు కొబ్బరి మట్టలు నరుకుతుంటే కత్తి మరీ లోతుగా దిగేది.

వానాకాలం పంట సార్వా దమ్ముల్లో, చేను మధ్యలో, ట్రాక్టరు ఒక్క కేక పెట్టి ఆగిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదు. జగ్గయ్య మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చి, నీ నోటి చలవేనే ఇది, ఆవేళ అన్నావు, ఇవాళ పట్టేసింది అంటూ జుట్టు పట్టుకుని రోటికేసి కొట్టాడు. ఎదర పన్ను ఒకటి ఊడింది. వీరాయమ్మ ఆ పన్ను తీసి చూరు మీదికి విసిరేసి, నెత్తురు మీద పేడనీళ్ళు చల్లింది.

అమ్మిరాజుకి కబురు వెళ్ళింది. ఆయన వచ్చే లోపల మాణిక్యాలరావు మళ్ళీ సలహా ఇచ్చాడు. తెలిసి వేరే నూనె పోశారంటే కంపెనీవాళ్ళు పూచీ పడరు, ఇంట్లో ఆడది తెలియక డబ్బా మార్చి పోసిందంటే పొరపాటు కింద రాసుకుని సామాన్లు ఇప్పిస్తారు, అమ్మిరాజు జాలిగుండె మనిషి అన్నాడు. జగ్గయ్యకి అది బాగా నచ్చింది. అమ్మిరాజు వచ్చేరోజు పొద్దున్నే పెళ్ళాన్ని పీపా దగ్గరికి ఈడ్చుకెళ్ళి చెప్పాడు.

"నాకు తెలీదండి, పొరపాటున పోసేనండి. అంతే అనాలి. ఇంకో ముక్క నోట్లోంచి వచ్చిందా, ఈసారి నూనె కాదే, ఈ డీజిలు పోసి అంటిస్తాను."

అంటిస్తాడు. అందులో ఆమెకి అనుమానం లేదు. అంటించి, పొయ్యి దగ్గర చెంగు అంటుకుందని ఊరికి చెబుతాడు. ఊరు నమ్ముతుంది.

అమ్మిరాజు పెరట్లోనే ఇంజను విప్పాడు. లోపలినుంచి తారులా గడ్డకట్టిన మసి చేత్తో తోడి కింద పడేశాడు. పిస్టన్ల రింగులన్నీ అతుక్కుపోయి ఉన్నాయి. చాలాసేపు దాన్ని చూసి, ఇది మా నూనె కాదండి, ఎవరు పోసేరు అన్నాడు. చుట్టూ ఆవేళ్టి మనుషులే ఉన్నారు. పాలేర్లున్నారు, మాణిక్యాలరావు ఉన్నాడు, గుమ్మంలో పిల్లని పట్టుకుని వీరాయమ్మ ఉంది. మా ఆడదండి, మొద్దుది, తెలీక పోసేసింది, అడగండి మీరే అని జగ్గయ్య చేతిలో రెంచీ తిప్పుతూ నవ్వాడు.

అమ్మిరాజు ఆమెకేసి తిరిగి, "నిజమేనామ్మా? తెలీక పోసేవా?" అన్నాడు. కోపం లేని గొంతు. ఔనంటే అక్కడితో అయిపోతుంది, ఆయన రాసుకుని వెళ్ళిపోతాడు. తెలీదు అన్న మాట నాలిక చివరకి వచ్చేసింది కూడా, ఏళ్ళ తరబడి అరిగిన దారి గనక. సూర్యావతి ఆ మాటని మింగింది. చచ్చినా వీడి అబద్ధంతో చావకూడదనిపించింది. ఊడిన పన్ను సందులోంచి మాట జారిపోకుండా ఒక్కొక్కటే పట్టి పలికింది.

"నాకు తెలుసండి. ఆ నూనె పోస్తే ఇంజను పోద్దని ఆవేళే తెలుసు. పోసింది ఈయనండి. వద్దని చెప్పినందుకు కాగిన నూనె నా మీద పోసేరండి." పైట కాస్త పక్కకి లాగి మెడ చూపించింది. "తెలీక పోసేనని చెప్పకపోతే డీజిలు పోసి అంటిస్తానని పొద్దున్న అన్నారండి. అదీ నాకు తెలుసు."

రెంచీ జగ్గయ్య పిడికిట్లో బిగిసింది. పాలేర్ల తలలు అలవాటు ప్రకారం కిందికి వాలుతున్నాయి, మాణిక్యాలరావు చెయ్యి గడియారం మీదికి పోతోంది, వీరాయమ్మ తలుపు రెక్క పట్టుకుంది.

"ఇప్పుడు ఈయన నన్ను కొడతారండి," అంది సూర్యావతి. "కిందటిసారి అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఈసారి ఎవరూ తిప్పుకోకండి. అత్తయ్యగారూ, పిల్లని లోపలికి తీసుకెళ్ళకండి, దాన్ని కూడా చూడనివ్వండి."

అని, నడిచి వెళ్ళి, మొగుడి చేతికి అందేంత దగ్గరగా నిలబడింది.